నీళ్లు కనబడే పక్క

మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరు విమానం ఎక్కబోతున్నా ముందు నన్ను పట్టుకుంటారు, ఏ పక్క సీటు తీసుకోవాలని. నేను క్యాంపస్‌లో భూగోళశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. మమ్మల్ని పర్మినెంట్ చెయ్యమని ధర్నాకు కూర్చుంటే మా వైపు తల కూడా తిప్పని పెద్దసార్లు, టికెట్ చేతికి రాగానే "మేడం, గౌహతి పోతున్న, లెఫ్టా రైటా?" అని నవ్వుకుంటూ వస్తారు. చెప్తాను. చెప్పకపోతే నాకే తోచదు. పొద్దుటి విమానమైతే ఎండ ఏ పక్క కొడుతుంది, రెక్క ఏ వరుసకు అడ్డం వస్తుంది, మంచుకొండలు ఏ కిటికీలోంచి కనిపిస్తాయి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పి పంపిస్తాను. ఒక సారు అలాగే ఎడమ పక్క కిటికీ తీసుకుని, ఆ కిటికీకి తెర దించేసి, ఫోన్లో క్రికెట్ చూసుకుంటూ పోయొచ్చాడు. పైగా "ఏం కనిపియ్యలేదు మేడం" అని నాకే చెప్పాడు. ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఎప్పుడడిగినా నడిమి సీటులో కూర్చోండి సార్, గాలి బాగా వస్తుంది అని చెప్తున్నాను.

చెన్నై వెళ్లేవాళ్లు అడిగినప్పుడు మాత్రం నాకు మాట వెంటనే రాదు. హైదరాబాద్ నుంచి చెన్నైకి తిన్నగా పోతే కృష్ణా నదిని దాటాలి. కుడి పక్క కూర్చున్న వాళ్లకు శ్రీశైలం డ్యాం వెనక నిలిచిన నీళ్లు కనిపిస్తాయి, కొండల మధ్య నుంచి పడమటికి చూపు ఆనినంత దూరం. చాలా బాగుంటుంది, ఫొటోలు తీసుకోవచ్చు. అదే చెప్తాను. ఆ నీళ్ల అడుగున మా అన్న ఉన్నాడని చెప్పను.

మా అన్నను నేను చూడలేదు. నేను పుట్టకముందే, మూడేళ్లు నిండాయో లేదో, జ్వరంతో పోయాడు. పాలమూరు జిల్లాలో కృష్ణ ఒడ్డున మా ఊరు. ఊరవతల వాగు పక్కన మా క్రైస్తవుల సమాధుల తోట ఉండేది. వాణ్ణి అక్కడ పెట్టారు. ఆ తర్వాత కొంతకాలానికే నదికి దిగువన శ్రీశైలం డ్యాం కట్టడం పూర్తయింది. ఊరు ఖాళీ చెయ్యమన్నారు. జనం తలుపులు, దూలాలు, కిటికీ చువ్వలు, ఆఖరికి గుమ్మాలు కూడా పీక్కుని బండ్ల మీద వేసుకున్నారట. గుళ్లో విగ్రహాలను డప్పులతో కొత్త కాలనీకి తీసుకుపోయారు. మా చర్చి గంటను విప్పి గోనెసంచిలో కట్టుకున్నారు. సమాధుల్ని విప్పుకుపోవడం ఎవరివల్లా కాలేదు. అమ్మ మాత్రం పార పట్టుకుని బయల్దేరిందట. నాన్న దారికడ్డం నిలబడి, "పండుకున్న పిల్లగాన్ని లేపకే" అన్నాడట. అమ్మ పార అక్కడే పడేసి బండెక్కింది. నీళ్లు వచ్చింది మాత్రం వాళ్లు చూడలేదు. ఒకరోజు ఎవరో కాలనీకి వచ్చి, వాగు నిండింది, సమాధుల తోట కూడా మునిగింది అని చెప్పిపోయారు.

నేను ఆ కాలనీలో పుట్టాను. నాకు జ్ఞానం వచ్చేసరికి హైదరాబాద్ వచ్చి వారాసిగూడలో ఒక గదిలో ఉన్నాం. నాన్న క్యాంపస్‌లో హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. అదే క్యాంపస్‌లో నేను చదివాను, అక్కడే ఇప్పుడు పాఠాలు చెప్తున్నాను. నాన్న పోయాక అమ్మా నేనూ తార్నాకలో ఒక కోచింగ్ సెంటర్ పైనున్న ఫ్లాట్‌కి మారాం. పెళ్లి నాకు కుదరలేదు, కుదరలేదని ఏడ్చిందీ లేదు. ఇంట్లో ఉండేది ఇద్దరమే. అయినా ఏ రోజూ ఇద్దరమే ఉన్నట్టు అనిపించలేదు.

మా అమ్మ వాడి గురించి పొద్దస్తమానం మాట్లాడేది కాదు. మాట్లాడి ఉంటే బాగుండేది. వానాకాలంలో శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో చూపిస్తే లోకమంతా సంబరపడుతుంది, కార్లేసుకుని చూడ్డానికి పోతుంది. మా ఇంట్లో ఠక్కున టీవీ బంద్. నన్ను స్నేహితురాళ్లతో ఈతకు పంపలేదు. ఏ చెరువు గట్టు మీద నుంచి బస్సు పోయినా కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకసారి నల్లా దగ్గర పక్కింటావిడ మాటల్లో, "ఇవి మంజీరా నీళ్లు గావక్కా, కృష్ణా నీళ్లు, శ్రీశైలం దాటి సాగర్ల పడి వస్తయి" అంది. అమ్మ చేతిలో బిందె సగం నిండి ఉంది. ఆ బిందె అట్లాగే వదిలేసి ఇంట్లోకి వచ్చేసింది. నేను వెళ్లి నల్లా కట్టేసి వచ్చాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ మంచినీళ్లు తాగలేదు. మర్నాటి నుంచి మళ్లీ తాగాం, తాగక చేసేదేముంది, కానీ గ్లాసు ఎత్తేముందు అమ్మ ఒక్క క్షణం ఆగడం నాకు కనిపించేది. నాకూ అంటుకుంది ఆ ఆగడం. తలస్నానం చేసేటప్పుడు చెంబుడు నీళ్లు మొహం మీద పోసుకుంటే కళ్లు తెరవడానికి భయమేసేది. తెరిస్తే ఎదురుగా ఉంటాడని.

చెప్పుకుంటే నవ్వుతారు గానీ, అందుకే నేను భూగోళం చదివాను. మా మ్యాపుల గదిలో డ్యాం కట్టకముందు అచ్చయిన పాత పటం ఉంది. అందులో కృష్ణ సన్నగా ఉంటుంది, పక్కన మా ఊరు, ఊరి పక్కన వాగు గీత. కొత్త పటంలో ఆ చోటంతా నీలి రంగే. చదువుకునే రోజుల్లో ఆ రెండింటినీ పక్కపక్కన పరిచి ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో. ఇప్పుడు క్లాసులో ఉపగ్రహ చిత్రం వేసి చూపించేటప్పుడు కూడా నా చేతిలోని కర్ర ఆ నీలం దగ్గరికి రాగానే పక్కకు జరుగుతుంది. "మేడం, గా బ్లూ ఏంది?" అని పిల్లలడిగితే "రిజర్వాయర్" అంటాను, అంతే.

ప్రతి నవంబరులో సమాధుల పండుగ వస్తుంది. మావాళ్లు ముందురోజే వెళ్లి సమాధులు కడిగి, సున్నం వేసి, చామంతి పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఊళ్లో పెద్దల సమాధులున్నవాళ్లు ఊరికి పోతారు. అమ్మ ఆ రోజు తలుపు వేసుకుని ఇల్లంతా కడిగేది, మంచాల కింద, బీరువా వెనక, ఎక్కడ మురికి లేదో అక్కడ కూడా. నాన్న పోయాక ఆయన సమాధి దగ్గరికి వస్తోంది గానీ, అక్కడ కొవ్వొత్తి పెట్టి చేతులు జోడించినా ఆమె ధ్యాస అక్కడ ఉండదని నాకు తెలుసు.

కొన్ని వేసవుల్లో నీళ్లు బాగా తగ్గితే మా పాత ఊరి గోడలు బయటపడతాయి. కాలనీ వాళ్లు పోయి చూసుకుని, తమ ఇల్లు ఇదని ఫొటోలు దిగి వాట్సాప్‌లో పెడతారు. సమాధుల తోట మాత్రం బయటపడదు. వాగు పక్క పల్లంలో ఉండడం వల్ల అక్కడ ఎప్పుడూ నీళ్లే. మా పిన్ని కొడుకు ఒకసారి, "పెద్దమ్మా, చాపలోల్ల పుట్టి మాట్లాడుత, ఎక్కి పోదాం, ఆ జాగ మీదికే తీస్కపోత" అన్నాడు.

అమ్మ అంతెత్తున లేచింది. "పుట్టి ఎక్కి వాని నెత్తి మీదికెల్లి తొక్కుకుంట పోవాల్నారా? నీకేమన్న బుద్ధున్నదా?"

ఇక ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇలా ఉండగా మొన్న వానాకాలంలో అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. పట్టీ విప్పాక బాల్కనీలో నిలబడి, మెట్రో స్తంభాల మీద అతికించిన ట్యూషన్ కాగితాలు సైతం చదవడం మొదలుపెట్టింది. కింద పానీపూరీ బండి వాడి షర్టుకు గుండీ లేదని కూడా ఇక్కణ్ణించే చెప్పింది. నేను నవ్వుతున్నాను. అమ్మ నవ్వలేదు.

"ఏందే," అంది, "ఊళ్లె అందరికి చెప్తవు గదా, గాలిమోటర్ల ఏ దిక్కు కూసుంటే ఏం కనబడ్తదో. వాడు ఏ దిక్కు కనబడ్తడు?"

ఇన్నేళ్లలో అమ్మ వాణ్ణి చూస్తానని అనడం అదే మొదలు. "గాలిమోటర్లకెల్లి అయితే దూరం ఉంటది గదా," అంది మళ్లీ, తనకు తానే నచ్చచెప్పుకుంటున్నట్టు. "తొక్కినట్టు గాదు. దేవుడు సూసినట్టు సూస్త. ఒక్కసారే. మల్లెప్పుడు అడగ నిన్ను."

"కుడి పక్క," అన్నాను.

చెన్నైలో ఒక సెమినార్‌కి నన్ను పిలిచారు. నవంబరు మొదట్లోనే, సరిగ్గా సమాధుల పండుగ రోజుల్లో. అమ్మకు కూడా టికెట్ తీశాను. ఇక నా పిచ్చి చూడాలి! జన్మలో ఏ పెద్దసారు కోసమూ అంత కష్టపడలేదు. పోయేటప్పుడు కుడి కిటికీ, తిరిగొచ్చేటప్పుడు ఎడమ కిటికీ, రెండు సార్లూ రెక్కకు ముందు వరుస. పొద్దున పోతే ఎండ ఎడమ పక్క ఉంటుంది గనక నీళ్ల మీద మెరుపు కళ్లల్లో కొట్టదు. పటం ఫోన్లోకి ఎక్కించుకున్నాను. పాత పటంలోని వాగు గీతను కొత్త నీలం మీద ఎన్నిసార్లు వేసి చూసుకున్నానో. డ్యాం కనిపించాక పడమటికి చూడాలి, నీళ్లు చెట్టుకొమ్మల్లా చీలి గట్ల లోపలికి దూరిన చోట్లుంటాయి, అందులో ఒకటి వాగు. అమ్మకు వేలితో చూపించాలి, తప్పు చూపించకూడదు. ఒక్కసారే అంది మరి. ఆ ఒక్కసారి నా చేతిలో ఉందనుకుంటే నాకు అన్నం సహించేది కాదు.

ఎయిర్‌పోర్టులో తనిఖీ దగ్గర అమ్మ సంచీ ఆపేశారు. తీస్తే ఏముంది, చామంతి పూల పొట్లం, ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె. నాకు తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, అగ్గిపెట్టె అలౌడ్ లేదు," అంది తనిఖీ అమ్మాయి.

"అగ్గిపెట్టె లేకుంటె కొవ్వొత్తి ఎందుకు బిడ్డా?"

"విమానంలో వెలిగిస్తారా అమ్మా!" ఆ అమ్మాయి కళ్లు ఇంతింత చేసుకుంది. వెనక క్యూలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఆ నవ్విన మనిషి వైపు ఒక చూపు చూశాను, నోరు మూశాడు. అగ్గిపెట్టె అక్కడే ఉండిపోయింది. పూలనూ కొవ్వొత్తినీ తిరిగిచ్చారు.

విమానం లేచాక అమ్మ కిటికీకి మొహం ఆనించి కూర్చుంది. భయపడుతుందేమో అనుకున్నాను గానీ, ఆమెకు విమానం ఎక్కానన్న ధ్యాసే లేదు. చేతిలో కొవ్వొత్తి పట్టుకునే ఉంది. నేను పక్క సీట్లో ఫోన్ మీద పటం తెరుచుకుని నిమిషాలు చూసుకుంటున్నాను. అప్పుడు పైలట్ గొంతు వినిపించింది. ముందర వాన మబ్బులున్నాయట, కొంచెం తూర్పు పక్క నుంచి చుట్టి వెళ్తామని చెప్పాడు. జనం ఎవరి గోలలో వాళ్లున్నారు. నేను మాత్రం ఫోన్లో పటాన్ని తూర్పుకి జరిపి చూసుకున్నాను. కాసేపటికి విమానం వంగి తిరిగింది. ఎండ అమ్మ ఒళ్లో పడింది. ఎండ మా పక్క పడకూడదు. ఎడమ పక్క ఉండాల్సిన ఎండ కుడి పక్కకు వచ్చిందంటే మేం దక్షిణానికి పోవడం లేదు, తూర్పుకి పోతున్నాం. వెళ్లి పైలట్ తలుపు బాదాలనిపించింది. ఏమని బాదను? మా అన్న అటు పక్క ఉన్నాడయ్యా అనా?

మరికాసేపటికి ఎండ మళ్లీ పక్కకు తప్పుకుంది. మబ్బుల మధ్య ఖాళీలో కుడి పక్కన, కింద, పెద్ద నీళ్లు కనిపించాయి.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "గదేనా?"

అది కాదు. అది నాగార్జునసాగర్. నడి నీళ్లలో గుట్ట నిలబడి ఉంది, చిన్నపిల్లవాడు కూడా గుర్తుపడతాడు. మా నీళ్లు అక్కడికి చాలా దూరంలో, పడమర, ఆ మబ్బుల గోడ కింద ఉన్నాయి. కాదమ్మా అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికే అమ్మ పూల పొట్లం విప్పి ఒళ్లో పెట్టుకుంది. వెలిగించని కొవ్వొత్తిని కిటికీ అద్దానికి ఆనించి నిలబెట్టి పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఇంజన్ మోతలో ఏం వినిపించలేదు, ఒక్క మాట తప్ప. "కొడుకా" అంది. నలభై ఏళ్లు దాటింది అమ్మ ఆ మాట అని, నేనైతే ఎన్నడూ వినలేదు. ఫోన్ తిరగేసి ఒళ్లో పెట్టుకున్నాను. మధ్యలో ఒకసారి ఆమె పెదవులు ఆగాయి. కిందికి చూసింది, వెనక్కి తిరిగి నా మొహం వైపు చూసింది, మళ్లీ అద్దానికేసి తిరిగి కొవ్వొత్తిని అట్లాగే పట్టుకుంది. నీళ్లు దాటిపోయేదాకా దించలేదు. తర్వాత ఒక్కొక్క పువ్వూ ఏరి పొట్లంలో కట్టేసింది.

చెన్నైలో ఉన్న రెండు రోజులూ నాకు నరకమే అనుకోండి. సెమినార్‌లో ఏం చదివానో నాకే తెలియదు. అమ్మ గెస్ట్‌హౌస్‌లో హాయిగా పడుకుంది, సాంబారు బాగుందని రెండోసారి వేయించుకుంది. తార్నాకలోని చర్చి వాళ్లు ఫోన్ చేస్తే, "సూసినమ్మా, సూసిన, పానం నిమ్మళమైంది" అని చెప్తుంటే విన్నాను. చెప్పేస్తే ఆ నిమ్మళం పోతుంది. చెప్పకపోతే మా అమ్మ నలభై ఏళ్లు దాచుకున్న ఆ ఒక్క పిలుపు వేరే నీళ్లలో పడిపోయి ఉంటుంది, అక్కడ వినడానికి మావాడు లేడు. వాడు ఆ మబ్బుల కింద ఈ రోజు మా అమ్మ వస్తుందని పైకి చూస్తూ ఉండిపోయాడేమో. ఇంత చదువుకున్నదాన్ని, ఇట్లాంటి ఆలోచనలు రాకూడదు. వచ్చాయి. రాత్రులు పంపులో నీళ్ల చప్పుడైనా ఉలిక్కిపడ్డాను.

ఒకటే ఆశ, తిరుగు ప్రయాణం. ఎడమ కిటికీ ఉంది. ఆకాశం తేటగా ఉంటే ఈసారి అసలు నీళ్లు చూపించి, అమ్మా, మొన్న పొరపాటైంది అని చెప్పేస్తాను. ఆకాశం తేటగానే ఉంది. చెన్నైలో విమానం ఎక్కేటప్పటికి ఒక్క మబ్బు లేదు. వరుస దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుని, "కిటికీ దగ్గర కూసోమ్మా" అన్నాను.

"నేను సూసిన గదా," అంది. "నువ్వు కూసో. నాకు నిద్ర వస్తున్నది."

"అమ్మా, ఇటు పక్క ఇంకా మంచిగ కనబడ్తది..."

"ఏం బిడ్డా, ఊకె సతాయిస్తవు! కూసో అంటున్న గదా."

పదిమందిలో కసిరింది. కూర్చున్నాను. విమానం లేవకముందే అమ్మ తల వెనక్కి ఆనించి కళ్లు మూసుకుంది.

నేను మధ్యాహ్నపు ఎండలో కిందికి చూస్తూ కూర్చున్నాను. పొలాలు, ఎర్రమట్టి, నల్లమల చీకటి అడవి. తర్వాత డ్యాం కనిపించింది, తెల్లగా, అగ్గిపుల్లంత. దాని వెనక నీళ్లు. ఎండకు పడమటి దాకా రాగి చెంబు తోమినట్టు మెరుస్తున్నాయి. నేను ఎన్నో ఏళ్లుగా కాగితం మీద చూసిన నీలం అసలు నీలంగానే లేదు. చూపుడు వేలు అద్దం మీద పెట్టి పాయలు వెతుక్కుంటూ పోయాను. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన సన్నగా మెలి తిరిగి గట్టులోకి దూరినది. అదే వాగు. నా వేలు అక్కడ ఆగిపోయింది.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. నేను చూస్తున్నట్టు లేదు, కింద నుంచి నన్నే ఎవరో చూస్తున్నట్టుంది. తలస్నానంలో చెంబుడు నీళ్లు మొహం మీద పడ్డప్పుడు కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. ఈసారి మూసుకోలేదు. "అన్నా" అన్నాను, బయటికే. ఆ మాట నేను ఎవరినీ పిలిచి ఎరగను. మా వీధిలో పాలబ్బాయిని కూడా తమ్ముడూ అంటానే గానీ అన్నా అనను. అది వాడికని ఎత్తిపెట్టాననుకుంటాను, నాకు తెలియకుండానే.

అమ్మను లేపాలి. చెయ్యి ఆమె భుజం దాకా వెళ్లింది. మొహం చూస్తే ఎంత ప్రశాంతంగా ఉందో! లేపి, నువ్వు మొన్న పిలిచింది వాణ్ణి కాదు, వాడు ఇదిగో, లేచి మళ్లీ పిలువు అని ఎట్లా చెప్పను? లేపకపోతే ఎట్లా? నా చెయ్యి అక్కడే గాలిలో ఉండిపోయింది. విమానానికి నా బాధతో పనేముంది, అది పోతూనే ఉంది. వాగు రెక్క కిందికి జరిగింది, తర్వాత నీళ్లూ జరిగిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. హైదరాబాద్ వచ్చేదాకా మెడ తిప్పకుండా బయటికే చూస్తూ కూర్చున్నాను, అమ్మ లేస్తే నా మొహం కనబడకూడదని.

ఇంటికొచ్చిన మర్నాడు ఆదివారం. అమ్మ చర్చికి పోయొచ్చి, భోజనాలయ్యాక బాల్కనీలో పీట వేసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కింద కోచింగ్ సెంటర్ పిల్లలు ఛాయ్ బండి చుట్టూ గుంపుగా చేరి ఏదో పరీక్ష పేపరు గురించి కొట్టుకుచస్తున్నారు. నేను లోపల పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాను. ఒకే పేజీ పదిసార్లు చదివాను. ఇక నావల్ల కాలేదు. వెళ్లి అమ్మ ఎదురుగా కింద కూర్చున్నాను.

"అమ్మా, పోయేటప్పుడు నువ్వు చూసిన నీళ్లు..."

"మనయి గావు," అంది అమ్మ. తల ఎత్తకుండానే, చిక్కుడుకాయ తుంచుతూ.

నేను పీట దగ్గరికి జరిగాను.

"ముందుగాల మనయే అనుకున్న. పిలిచిన గూడ. గంతల్నే గుట్ట కనబడ్డది. మన దగ్గర నడి నీళ్లల్ల గుట్ట యాడిదే? నీ మొకం సూస్తె నీ మొకంల నెత్తురు సుక్క లేదు. అప్పుడె సమజైంది."

"మరి కొవ్వొత్తి దించలేదేంది?"

"ఎట్ల దించుత?" ఇప్పుడు తలెత్తింది. ఆపరేషన్ అయిన కళ్లు, ఎండకు తడిగా మెరుస్తున్నాయి. "గా నీళ్ల కింద గూడ ఊర్లు మునిగినయి గద బిడ్డా. గాడ గూడ ఎవలో కన్నపిల్లలు ఉంటరు. పిలిచి కొవ్వొత్తి సూపెట్టి, నువ్వు గాదు పో అంటమా?"

నాకు కోపం వచ్చింది. రెండు రోజులు నేను పడ్డ నరకం ఆమెకు తెలిసే ఉందన్నమాట! "తెలిసినప్పుడు తిరిగొచ్చేటప్పుడు కిటికీ దగ్గర కూసోకపోయినవా అమ్మా? అసలు నీళ్లు అటే ఉన్నయి. ఆకాశం ఎంత మంచిగుండె! నువ్వేమో నిద్రపోయినవు."

"నిద్ర యాడిదే. కండ్లు మూస్కున్న, గంతే." అమ్మ గిన్నెలోని కాయల్ని ఊరికే కలియబెట్టింది. "మనయి గావు అని తెల్సినప్పుడు నా పానం ఎట్ల నిమ్మళమైందో నీకేం తెల్సు. మనయే అయితె నేను తట్టుకోకపోదును. సూస్త సూస్త అని ఊరికె అన్న గని, నాకు ధైర్యం సాలలే బిడ్డా. ఆ నీళ్లు సూస్తె నాకు గయే యాదికుంటయి. వాడు నాకు వాని తీరుగనే యాదికుండాలె. నేను వాన్ని సూసిన. ఎత్తుకున్న, పాలిచ్చిన, సూసిన. మీ నాయిన సూసిండు. నువ్వే సూడలె. ఒక్క కిటికీ ఉంటె మరి ఎవలు కూసోవాలె?"

కింద పిల్లలు ఏదో జోకుకు గొల్లుమన్నారు. నేను అమ్మ చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"సూసినవా?" అంది మెల్లగా.

"చూసిన."

"వాగు కాడ?"

"వాగు కాడనే."

అమ్మ పండక్కి ఊరెళ్లి వచ్చినవాళ్లను అడిగినట్టు అడిగింది. "ఎట్లున్నడే?"

క్యాంపస్‌లో సగం మందికి ఏ కిటికీలోంచి ఏం కనబడుతుందో చెప్పినదాన్ని, అమ్మకూ అట్లాగే చెప్పాను. "మంచిగున్నడమ్మా. మీద ఎండ పడుతున్నది."

తల ఊపింది. ఇంకేదో అడగాలని ఆమె నోటిదాకా వచ్చి ఆగడం కనిపించింది. చివరికి అడిగేసింది.

"పెద్దగయిండా?"

"లేదమ్మా. గంతే ఉన్నడు."

అమ్మ చేతిలోని చిక్కుడుకాయను గిన్నెలో పెట్టింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, నేను పుట్టాక మొట్టమొదటిసారి, కింద ఛాయ్ బండి దగ్గరి పిల్లలు తలెత్తి చూసేంత గట్టిగా ఏడ్చింది.